గోనెకట్టలో పోయిన పిల్ల

“ఊకనే కూసున్నవ్ గదా పద్మా, జర గీ నాలుగు సంచులు కుట్టు” అంటూ సదానందం గోనెసంచుల కుప్ప తెచ్చి వరండాలో పడేసి పోయాడు.

పద్మలత అప్పుడు ఊరికే కూర్చుని లేదు. ఒడిలో చాట పెట్టుకొని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. పొయ్యి మీద అత్తమ్మ స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. కానీ ఆ ఇంట్లో ఆడమనిషి నిలబడి చేస్తేనే పని. కూర్చుని ఏం చేసినా అది ఊరికే కూర్చోవడం కిందికే వస్తుంది. చాట పక్కన పెట్టి దబ్బనం అందుకుంది, సుతిలి తాడు ఎక్కించింది. పెళ్లయి కాశిబుగ్గకు వచ్చిన కొత్తలో దబ్బనం గుచ్చుకొని వేళ్లు రక్తం కారేవి. ఇప్పుడు గుచ్చుకున్నా తెలియదు, అంత గట్టిపడ్డాయి.

వాళ్లది పాత గోనెసంచుల వ్యాపారం. మిల్లుల దగ్గరా దుకాణాల దగ్గరా ఖాళీ సంచులు కొని, చిరుగులు కుట్టి, మడతపెట్టి, పైన ఒక ముతక గోనెపట్టా చుట్టి నాలుగు వైపులా కుడితే కట్ట అవుతుంది. పంట చేతికొచ్చే రోజుల్లో ఆ కట్టలు మార్కెట్లకు పోతాయి. కుట్టడానికి మల్లక్క వస్తుంది. ఆమె రాని రోజు పద్మ కుడుతుంది. ఆమె వచ్చిన రోజు కూడా పద్మ కుడుతుంది. మల్లక్కకు కూలి ఉంది. పద్మకు ఇల్లు ఉంది.

సంచుల గదిలోకి ఒక చారల పిల్లి వచ్చి చేరింది. ఎవరి పిల్లీ కాదు. మనిషి అలికిడైతే చెవులు వెనక్కి పెట్టి బుస్సుమనేది. అత్తమ్మ చిలుకమ్మ తరిమెయ్యమంది గానీ సదానందం ఒప్పుకోలేదు. “ఉండనీయే అమ్మా, ఎలుకలను పడ్తది. జీతం లేని నౌకరు” అన్నాడు నవ్వుతూ. పద్మ మనసులో అనుకుంది, ‘అయితే ఇంట్లో ఇద్దరమైనం’ అని. ఆ రోజు నుంచి అంచు విరిగిన గిన్నెలో పాలన్నం కలిపి ప్రహరీ గోడ మీద పెట్టడం మొదలుపెట్టింది. ఆమె లోపలికి పోయేదాకా పిల్లి దిగేది కాదు. ఆ గిన్నె తనే కడిగేది, ఎంగిలని అత్తమ్మ గొడవ చేస్తుందని.

తర్వాత ఆ పిల్లి సంచుల కుప్ప వెనక మూడు పిల్లలను పెట్టింది. పద్మ చెయ్యి చాచబోతే మల్లక్క ఆపింది.

“ముట్టకు చెల్లె. మనిషి వాసన తగుల్తె తల్లి దగ్గరికి రానియ్యదు.”

పద్మ ముట్టలేదు. రోజూ దూరం నుంచి చూసింది అంతే. తల్లి వాటిని నాకి నాకి తుడవడం, కడుపు కింద నాకితే గానీ అవి ఒంటికి పోకపోవడం, చలిగాలి తగిలితే మూడింటినీ పొట్ట కిందికి లాక్కోవడం, అన్నీ చూసింది. ఇంట్లో పని మధ్యలో సంచుల గదికి పోయి నిలబడితే ఆమె ఒంట్లో ఎక్కడో బిగుసుకున్నది కాస్త వదులయ్యేది. ఎందుకో ఆమెకు తెలుసు. తెలుసని తనకు తాను చెప్పుకునేది కాదు.

సంచులు తెచ్చి పడేసిన ఆ పొద్దున మల్లక్క రాలేదు. కేసముద్రం నుంచి సదానందం అన్న ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. ఆయనకు మార్కెట్ యార్డు దగ్గర రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం. మక్కజొన్నలు వచ్చి పడుతున్నాయట, సంచులు వెంటనే పంపమన్నాడు. ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. వరండాలో కుట్టినవి సరిపోక సదానందం గదిలో వెనక కుప్ప నుంచి కూడా సంచులు గుంజి తెచ్చాడు. పద్మ పట్టా చుట్టి కుట్టడం మొదలుపెట్టింది. మడతల మధ్య చేతికి ఏదో మెత్తగా తగిలింది. సంచి మూల మడతపడింది అనుకుంది. సగం కుట్టాక సన్నగా ఏదో వినిపించినట్టయింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆటో హారన్ మోగింది.

“ఇంకెంతసేపే? గంట నుంచి గదే కుట్టు కుడ్తానవ్. వాడు పోతా అంటాండు!”

మిగతా సగం కుట్టేసింది. ముడి కూడా గట్టిగా వేసింది.

మధ్యాహ్నం అంట్లు తోముతుంటే పిల్లి ఏడుపు వినబడింది. ఆకలి అరుపు అది కాదు. గొంతులోనుంచి తోడుకొచ్చే అరుపు. పద్మ బూడిద చేతులతోనే గదికి పరుగెత్తింది. మూలన రెండే పిల్లలున్నాయి. తల్లి ఖాళీ అయిన చోట గోళ్లతో గీరుతోంది, వాసన చూస్తోంది, అరుస్తోంది, మళ్లీ గీరుతోంది. పద్మకు పొద్దున చేతికి తగిలిన మెత్తదనం గుర్తొచ్చింది. వినబడిన సన్నటి గొంతు గుర్తొచ్చింది.

కేసముద్రంలో ఉన్న తోడికోడలు శకుంతలకు ఫోన్ చేసింది. “అక్కా, పొద్దుగాల వచ్చిన కట్టలు కోసి చూడున్రి. అండ్ల పిల్లిపిల్ల ఉన్నది.” పొద్దు గుంకేసరికి శకుంతల మళ్లీ చేసింది. “దొరికింది పద్మా. పానంతోనే ఉన్నది. మా రమ్య ఇడుస్తనే లేదు, సంకనేసుకొని తిరుగుతాంది.”

“నేను ఇప్పుడే వస్త అక్కా.”

“ఎందుకు వచ్చుడు? ఎవరితోనన్న పంపుత” అంది శకుంతల.

ఇంట్లోనూ అదే మాట. సదానందం టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే, “పిల్లిపిల్ల కోసం రైలెక్కుతవా? నలుగురు నవ్వుతరు. లారీ వచ్చేటప్పుడు తెప్పిస్త తీ” అన్నాడు. చిలుకమ్మ మంచం మీద నుంచి అందుకుంది. “పిల్లి పిల్లలను ఏడిండ్లు తిప్పుతది. ఒకటి తక్కువైతే యాడనో పెట్టి మర్సిన అనుకుంటది. దానికేమన్న లెక్కలత్తయా?” అదే సమయానికి సంచుల గదిలో పిల్లి మళ్లీ అరిచింది. ముసలామె కూడా విన్నది. విని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పోదామనుకుంది పద్మ. పొద్దున్నే కొడుకు రాకేష్ బాక్సు ఉంది. అత్తమ్మ నీళ్లున్నాయి. “మధ్యాహ్నం బేరగాళ్లు నలుగురు భోజనానికి వస్తాన్రు, వంట చేసి పెట్టి ఎటన్న పో” అన్నాడు సదానందం. పోవద్దని అనలేదు. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఎప్పుడూ ఏదీ వద్దనలేదు, దాని ముందర ఒక పని పెట్టేవారు అంతే. ఉల్లిగడ్డలు తరిగింది, మసాలా నూరింది, పప్పు తాలింపు పెట్టింది. ఏ పని చేస్తున్నా మనసు ఆ పిల్లిపిల్ల మీదే ఉంది. పాలు ఎవరు పట్టిస్తున్నారో, ఎట్లా పట్టిస్తున్నారో. బేరగాళ్లు తిని, చేతులు కడుక్కొని, “మీ ఇంటామె చెయ్యి మంచిగుంటది సదానందం” అని మెచ్చుకునేసరికి పొద్దు నడినెత్తి దాటింది. తను తినకుండానే స్టేషన్‌కు పోయి పుష్‌పుల్ రైలు ఎక్కింది.

కిటికీ పక్కన కూర్చుంది. కేసముద్రం అంటే ఆ ఇంట్లో అందరూ ఒకసారి ఆమె ముఖంలోకి చూసి చూపు తిప్పుకుంటారు. రమ్య ఆమె కడుపున పుట్టిన పిల్ల. శకుంతలకు చాలా ఏళ్లు పిల్లలు కాలేదు, తిరగని దవాఖాన లేదు. ఒకరోజు భోజనాల దగ్గర చిలుకమ్మ అంది, “చిన్నోనికి కొడుకు ఉండనే ఉండె. ఆడపిల్లను పెద్దకోడలు ఒడిల ఏస్తె ఇంటిది ఇంట్లనే ఉంటది.” పద్మ అప్పుడు చారు వడ్డిస్తోంది. వడ్డించే మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. సదానందం తలెత్తకుండానే, “అన్న నోరు తెరిచి అడిగిండు. పరాయోళ్లకా ఇస్తానం?” అన్నాడు. ఆమెతో పని పడింది ఒక్కచోటే. కన్నతల్లి తన చేతులతోనే బిడ్డను ఇంకో తల్లి ఒడిలో పెట్టాలి, అదీ ఏడవకుండా. “కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట ఇస్తె పిల్లకు మంచిది కాదు” అని అత్తమ్మ ముందే చెప్పి ఉంచింది. పద్మ ఏడవలేదు. కొత్త చీర కట్టుకొని, శకుంతలకు బొట్టు పెట్టి, పిల్లను ఒడిలో పెట్టింది. పిల్ల తల్లి పుస్తెలతాడు పట్టుకొని వదల్లేదు. ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది కూడా పద్మే. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. పద్మ కూడా.

ఆ సాయంత్రం పాలు పొంగి రవిక తడిసిపోయింది. “మల్లెపూలు కట్టుకో, ఇంకిపోతయి” అంది అత్తమ్మ. మల్లెపూలు తెచ్చి రొమ్ముల మీద గుడ్డతో కట్టుకుంది. పూలు వాడిపోయాయి, పాలు ఇంకిపోయాయి. ఇప్పటికీ ఎండాకాలం సదానందం మూరెడు మల్లెపూలు తెస్తే ఆమె దేవుని పటానికి పెడుతుంది. “మా ఆమెకు పూలంటే ఇష్టమే ఉండది” అని అతను అందరికీ చెబుతుంటాడు. ఎప్పుడైనా ముఖం వాడితే, “కొడుకున్నడు గదా నీకు, ఇంకేం ఫికర్?” అంటాడు. “కొన్ని దినాలు అటు పోకు, పిల్ల శకుంతలకు మరగాలె” అన్నారు. కొన్ని దినాలు ఏళ్లయ్యాయి. పండుగలకు వాళ్లే వస్తారు. వచ్చినప్పుడు పద్మకు వంటింట్లో పని. గారెలు వేస్తూ తలుపు సందులోంచి పిల్ల ఎంత పెరిగిందో చూసుకునేది. పోయేటప్పుడు “చిన్నమ్మ కాళ్లు మొక్కు” అంటే ఆ పిల్ల వంగి మొక్కేది. ఆ తల మీద చెయ్యి ఎంతసేపు ఉంచవచ్చో పద్మకు కొలత తెలుసు. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే ఎవరో ఒకరు దగ్గేవారు.

నెక్కొండ స్టేషన్ దాటాక తన చేతుల వంక చూసుకుంది. బిడ్డను ఒడిలో పెట్టిందీ ఇవే. పిల్లిపిల్లను కట్టలో పెట్టి కుట్టిందీ ఇవే. రెండుసార్లూ వెనక ఎవరో తొందర పెడుతూనే ఉన్నారు.

కేసముద్రంలో దుకాణం వెనకే ఇల్లు. తలుపు తీసిన శకుంతల మొహం పీక్కుపోయి ఉంది. “రాత్రంత ఒర్రింది పద్మా. ఇప్పుడు ఒర్రుడు గూడ బందయింది” అంది. లోపల చాప మీద రమ్య చెప్పుల డబ్బాలో పిల్లిపిల్లను పెట్టుకొని కూర్చుంది. దాన్ని చంటిపిల్లలాగా వెల్లకిలా పడుకోబెట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు చెంచాతో పోస్తోంది. పాలు మూతి పక్కల నుంచి కారుతున్నాయి.

“చిన్నమ్మా, సూడు, తాగుతలేదు. పౌడర్ గూడ పూసిన, మంచిగ వాసనొస్తదని.”

పద్మ పిల్లిపిల్లను చేతిలోకి తీసుకుంది. ఒళ్లు చల్లగా ఉంది. గుండె కొట్టుకుంటోంది గానీ ఎక్కడో లోతున. “చల్లగున్నదానికి పాలు పడయి బిడ్డా. ముందుగాల ఎచ్చ కావాలె” అంటూ కొంగు కింద కడుపుకు ఆనించి పెట్టుకుంది. ఒంటి వేడికి కాసేపటికి అది కదిలింది. పాలలో గోరువెచ్చటి నీళ్లు కలిపించి, గుడ్డపీలిక వత్తిలా చేసి ముంచి, పిల్లను బోర్లా పట్టుకొని చుక్క చుక్కగా అందించింది. రెండు చుక్కలు మింగింది. తడిగుడ్డతో కడుపు కింద మెల్లగా రుద్దింది, తల్లి నాకినట్టు. పిల్లిపిల్ల ఆమె చీర మీద ఉచ్చ పోసింది.

రమ్య కిసుక్కున నవ్వింది. “ఛీ! చిన్నమ్మ మీద పోసింది!”

పద్మ కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వు ఇంత దగ్గర నుంచి, ఎవరూ దగ్గకుండా, వినడం అదే మొదలు. పై వరుసలో ఒక పన్ను ఊడి ఉంది. ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలియదు.

నవ్వి నవ్వి రమ్య అడిగింది. “చిన్నమ్మా, వీళ్లమ్మ దీన్ని వద్దనుకున్నదంట గదా? అందుకే మనకు పంపిచ్చిందంట. అమ్మ చెప్పింది.”

గుమ్మంలో శకుంతల చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. పద్మ ఊ అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్లూ అన్నింటికీ ఊ అన్నదే కదా.

“వద్దనుకోలే బిడ్డా” అంది. “కట్ట కుట్టేటప్పుడు ఎవ్వలు సూడలే. వాళ్లమ్మ నిన్నటి సంది ఏడుస్తాంది. పెట్టిన జాగల్నే గీరి గీరి దేవులాడుతాంది.”

“ఏడుస్తాందా?” రమ్య మొహం మారిపోయింది. డబ్బా వంక చూసింది, పద్మ కొంగు వంక చూసింది. “మరి తీస్కపో. జల్దీ తీస్కపో. వాళ్లమ్మ గుర్తుపట్టిందా లేదా నాకు ఫోన్ చెయ్యి.”

వాకిలి దాకా వచ్చిన శకుంతల గొంతు తగ్గించి అంది, “చిన్నపిల్లకు ఏం చెప్తానవ్ పద్మా?”

“పిల్లి ముచ్చటక్కా.”

“ఏ ముచ్చటో నాకు తెల్వదా?” శకుంతల కళ్లు నిండాయి. “నన్ను గొడ్రాలు అన్న నోళ్లు ఇప్పుడు రమ్య అమ్మ అంటాన్రు. దానికి తెలిస్తె నాకేం మిగుల్తది చెప్పు?”

పద్మ ఆమె చెయ్యి పట్టుకొని ఒకసారి నొక్కి, స్టేషన్‌కు నడిచింది.

కాశిబుగ్గ చేరేసరికి పొద్దు వాలుతోంది. పిల్లి మిగతా రెండింటినీ పక్కింటి మగ్గాల గది కప్పు మీదికి చేర్చుకుంది. అయినా వచ్చి వచ్చి అరిచి పోతోందని మల్లక్క చెప్పింది. పద్మ తల్లి పడుకున్న చోటి గోనెముక్క తీసుకొని, పౌడరు వాసన పోయేదాకా పిల్ల ఒళ్లంతా రుద్దింది. అదే చోట పెట్టి తలుపు చాటుకు జరిగింది. వరండాలోంచి సదానందం “చాయ్ పెట్టవా?” అని కేక వేశాడు. పలకలేదు. ఇంకోసారి కేకేశాడు. పలకలేదు. గోడ మీది నుంచి పిల్లి దిగింది. వాసన చూసింది. బుస్సుమని వెనక్కి దుమికింది. పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లి దూరంగా కూర్చుంది, మళ్లీ వచ్చింది, మళ్లీ వాసన చూసింది. చెవి వెనక ఒకసారి నాకింది. ఆ తర్వాత ఇక ఆపలేదు. చుట్టూ పడుకొని పిల్లను పొట్ట కిందికి లాక్కుంది.

కానీ పిల్ల నోటికి పట్టు లేదు. రొమ్ము అందినా చప్పరించలేకపోయింది.

తెల్లవారి చూసేసరికి తల్లి ఇంకా నాకుతూనే ఉంది. పిల్ల బిగుసుకుపోయి ఉంది. పొద్దెక్కాక కప్పు మీద పిల్లలు అరిస్తే గానీ అది లేవలేదు. గోడ ఎక్కి కూడా రెండుసార్లు వెనక్కి చూసింది. పద్మ పిల్లను అదే గోనెముక్కలో చుట్టి కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టింది. మొదటిసారిగా ఇంటిల్లిపాదీ చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది.

“పిల్లిపిల్ల సచ్చిపోతె గింత ఏడుపా?” అంది చిలుకమ్మ. “ఇంకా రెండున్నయి గదా దానికి.”

పద్మ ఏడుపు అక్కడే ఆగింది. ముఖం తుడుచుకొని అత్తమ్మ వంక చూసింది.

వరండాలో కొత్త సంచుల కుప్ప. సదానందం ఆమెకు కాస్త దూరంలో నిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది.

“చిన్నమ్మా, నేను రమ్యను. వాళ్లమ్మ గుర్తుపట్టిందా?”

“పట్టింది బిడ్డా. తెల్లారెదాక నాకింది.”

“పాలు తాగిందా?”

అవునంటే ఆ పిల్ల సంతోషంగా బడికి పోతుంది. పద్మ కళ్లు మూసుకుంది. “తాగలేకపోయింది బిడ్డా. సచ్చిపోయింది. వాళ్లమ్మ దగ్గర్నే ఉండె.”

చాలాసేపు అవతల ఎక్కిళ్లే వినిపించాయి. “నేను చల్లటి పాలు పోసిన గదా. నావల్లనేనా?”

“కాదు. నీ వల్ల కానే కాదు. పెద్దోళ్లమే ఆలస్యం చేసినం.” ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. “రమ్యా, ఈ ఆదివారం నేను వస్తాన. నీకొక ముచ్చట చెప్పేదున్నది. మీ అమ్మ పక్కన్నే కూసొని చెప్త. అమ్మ ఎటూ పోదు, అమ్మ అమ్మనే. ఫోన్ అమ్మకియ్యి, ఆమెకు గూడ చెప్త.”

శకుంతల ఏమన్నదో వరండాలోకి వినబడలేదు. పద్మ మాత్రం “గుంజుకొనీకి కాదక్కా” అంది. మళ్లీ, “నీకు తెల్వకుంట చెప్పద్దనే నీకు చెప్తాన” అంది. ఫోన్ పెట్టేసింది.

సదానందం మొహం తెల్లబోయింది. “ఏం ముచ్చటే? చిన్నపిల్లకు ఏం చెప్తవ్?”

ఆమె కుప్పలోంచి ఒక సంచి తీసింది. దబ్బనం వెతికి, రెండూ తీసుకెళ్లి అతని చేతుల్లో పెట్టింది.

“కన్నది నేనని. వద్దనుకొని ఇయ్యలేదని.”